చిలక పంజరంలోకి ఎందుకు వెళ్ళడం లేదు?

మాస్టారి పెట్టె: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా పాప మూడో తరగతి. సెలవుల్లో ఫోన్ పట్టుకుని కూర్చోకుండా ఏదైనా చేయిద్దామని ఒక అట్టముక్క మీద ఇటు పంజరం, అటు చిలక గీసి, రెండు పక్కలా దారాలు కట్టి తిప్పాం. చిలక పంజరంలో కూర్చోవాలి కదా? మాకేమో తలకిందులుగా వేలాడుతోంది. పైగా బొమ్మ వెలిసిపోయినట్టుంది. పాప ముఖం చిన్నబుచ్చుకుంది. ఎక్కడ తేడా వచ్చింది? – ఒక తల్లి, నిడదవోలు

జవాబు: అమ్మా, మీరు పుస్తకంలో పేజీ తిప్పినట్టు అట్టను పక్కకి తిప్పి రెండోవైపు చిలకను నిటారుగా గీసుంటారు. దారాలు ఎడమా కుడీ ఉన్నప్పుడు అట్ట అలా తిరగదు. పై అంచు కిందికి, కింది అంచు పైకి వస్తుంది. గోడకు వేలాడే క్యాలెండర్‌లో నెల మారగానే కాగితం పైకి ఎత్తి తిప్పుతామే, అలాగన్నమాట. పంజరం గీశాక అట్టను క్యాలెండర్ తిప్పినట్టు తిప్పి, అప్పుడు చిలకను నిటారుగా గీయండి. సరిపోతుంది. గీయడం అయ్యాక పుస్తకం పేజీలా తిప్పి చూస్తే చిలక తలకిందులుగా కనిపించాలి. కనిపిస్తే సరిగ్గా గీసినట్టే.

ఈ సంగతి పాపకి మీరే చెప్పెయ్యకండి. అట్టను వేళ్ళతో పట్టుకుని, దారం ఇరుసుగా నిదానంగా ఒక్క చుట్టు తిప్పమనండి. ఏ అంచు ఎక్కడికి వెళ్ళిందో తనే చూస్తుంది. మూడో తరగతి పిల్లకి అందని విషయమేం కాదు. మనం ఓపిక పట్టలేక చెప్పేస్తాం, అంతే.

ఇక అట్ట సంగతి. పాత శుభలేఖ కన్నా మంచి అట్ట బజారులో దొరకదు. మన ఇళ్ళలో వాటికి లోటూ లేదు. దేవుడి బొమ్మ ఉన్న భాగం కోయడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, వెనక అట్ట తీసుకోండి. వీలైతే అచ్చు లేని తెల్లటి భాగం వాడండి, లేదంటే రెండువైపులా తెల్లకాగితం అంటించండి. గుండ్రం కోసం వృత్తలేఖిని వెతుక్కోనక్కర్లేదు, మీ చేతి గాజు చాలు. రెండు–ఆరు సైజు గాజు లోపలి కొలత సుమారు 6 సెంటీమీటర్లు. (గాజుల కొట్లో 'రెండు ఆరు' అంటే రెండు అంగుళాలు, ఆపైన అంగుళంలో పదహారింట ఆరు వంతులు. ఈ లెక్క పాపకి చెప్పండి, భిన్నాలు ఎందుకు నేర్చుకోవాలో తెలుస్తుంది.)

బెజ్జాలు రెండూ అట్ట మధ్యగా పోయే ఒకే గీత మీద, అంచుకి అర సెంటీమీటరు లోపల ఉండాలి. ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే అట్ట ఊగిపోతుంది, చిలక పంజరంలో నిలవదు. దారం కన్నా రబ్బరు బ్యాండ్లు మేలు. ఒక్కో బెజ్జంలోంచి ఒక బ్యాండు దూర్చి, దాన్ని దానిలోంచే లాగి బిగించండి. రెండు చేతులతో రెండు బ్యాండ్లూ పట్టుకుని, అట్టను ఇంకొకరు ముప్ఫై నలభై చుట్లు మెలిపెట్టి వదిలేస్తే, మీరు కొంచెం లాగి పట్టగానే గిర్రున తిరుగుతుంది. చిన్నప్పుడు సోడామూత చితక్కొట్టి, రెండు బెజ్జాలు పెట్టి, దారం ఎక్కించి తిప్పినవాళ్ళకి ఈ లాగుడు నేర్పనవసరం లేదు.

చిలక ఎక్కడ గీయాలో తెలియక చాలామంది తికమక పడతారు. పంజరం గీసిన వైపు నుంచి దాని నాలుగు మూలలా గుండుసూదితో గుచ్చండి. వెనకవైపు నాలుగు చుక్కలు తేలతాయి. ఆ నాలుగింటి మధ్యలో చిలకని కూర్చోబెట్టాలి.

బొమ్మ వెలిసినట్టు ఉండడానికి కారణం వేరు. అట్ట తిరుగుతున్నప్పుడు కంటికి సగం సేపు పంజరం, సగం సేపు చిలక కనిపిస్తాయి. పంజరం ఊచల మీద వెనకవైపు తెల్లకాగితం, చిలక మీద ఇటువైపు తెల్లదనం వచ్చి పడతాయి. నలుపు బూడిదరంగుగా, ఆకుపచ్చ లేతాకుపచ్చగా మారేది అందుకే. పెన్సిలు గీతలైతే అసలు ఆనవు. లావు స్కెచ్ పెన్‌తో, కావాలనుకున్న దానికన్నా ముదురుగా గీయమనండి. ఎర్రటి ఎండలో కాక వసారాలో నీడపట్టున తిప్పి చూడండి. వెలుతురు ఎక్కువైనకొద్దీ కన్ను మిణుకుని బాగా పసిగడుతుంది. వెలుతురు కాస్త తగ్గితే తక్కువ వేగానికే రెండు బొమ్మలూ కలిసిపోతాయి.

దారాలతో పడలేకపోతే ఇంకో మార్గం ఉంది. రెండు వేరు వేరు అట్టల మీద రెండు బొమ్మలూ నిటారుగా గీసి, వాటి మధ్య చీపురు ఈనెలు రెండు మూడు కలిపి పెట్టి, వీపులు కలిపి అంటించండి. ఈనెలను అరచేతుల మధ్య పెట్టి రుద్దితే బొమ్మ తిరుగుతుంది. ఇక్కడ తలకిందుల గొడవ లేదు. ఇరుసు నిలువుగా ఉంది కాబట్టి ఇది పుస్తకం పేజీ పద్ధతే. పాప రెండూ చేస్తే ఆ తేడా ఎందుకొచ్చిందని తనే అడుగుతుంది.

చిలకా పంజరమే గీయాలని ఏమీ లేదు. ఖాళీ కుండీ, బంతిపువ్వు. గుండు, గిరజాల జుట్టు. నాకు అన్నిటికన్నా నచ్చేది అక్షరాలు. ఒకవైపు 'మా' రాసి, ఒక అక్షరం చోటు వదిలి 'డి' రాయండి, రెండోవైపు ఆ ఖాళీకి సరిగ్గా వెనక 'మి' ఒక్కటే. తిప్పితే 'మామిడి'. చదవడం రాని తమ్ముడెవరైనా ఉంటే వాడి పేరు ఇలా రెండు ముక్కలు చేసి చూపించండి.

దీని పేరు థామట్రోప్. 1825లో లండన్‌లో జాన్ ఐర్టన్ పారిస్ అనే వైద్యుడు అమ్మకానికి పెట్టాడు. లెక్కలు చేసే యంత్రాలు తలపెట్టిన చార్లెస్ బాబేజ్ మాత్రం దీని పుట్టుకను ఇంకోలా రాసుకున్నాడు. నాణేనికి రెండువైపులా ఒకేసారి ఎలా చూస్తావని స్నేహితుడు జాన్ హెర్షెల్ ఆయన్ని అడిగాడట. బాబేజ్ జేబులోంచి షిల్లింగు తీసి అద్దం ముందు పెట్టాడు. హెర్షెల్ అది కాదని, నాణేన్ని బల్ల మీద గిర్రున తిప్పి, కళ్ళు బల్ల ఎత్తుకి దించి చూడమన్నాడు. బాబేజ్ ఈ ముచ్చట ఫిట్టన్ అనే ఇంకో స్నేహితుడికి చెప్తే, ఆయన కొద్దిరోజుల్లో పట్టుదారాలు కట్టిన గుండ్రటి అట్ట ఒకటి తెచ్చాడు. ఒకవైపు పిట్ట, రెండోవైపు ఖాళీ పంజరం. బొమ్మ మొదలుపెట్టే ముందు పాపకి ఒక పదిరూపాయల నాణెం ఇచ్చి హెర్షెల్ ప్రశ్నే అడగండి. అద్దం దగ్గరికి పరిగెడుతుందో, నాణెం తిప్పుతుందో చూడాలి.

ప్రశ్న: అంగన్‌వాడీ పిల్లలతో చేయించవచ్చా? – ఒక కార్యకర్త, మక్తల్

జవాబు: కత్తిరింపు, బెజ్జాలు మీరు చెయ్యండి. గీయడం, తిప్పడం వాళ్ళకి వదలండి. నాలుగేళ్ళ పిల్ల గీసిన చిలక చిలకలా ఉండదు. దాన్ని దిద్దకండి.

ప్రశ్న: కంటిలో బొమ్మ పదహారోవంతు సెకను నిలిచి ఉంటుందనీ, అందుకే సినిమాలో బొమ్మలు కదిలినట్టు కనిపిస్తాయనీ ఏళ్ళ తరబడి పిల్లలకి చెబుతున్నాను. పర్సిస్టెన్స్ ఆఫ్ విజన్ అంటాం. మా స్కూల్‌కి కొత్తగా వచ్చిన టీచరమ్మ ఆ మాట పూర్తిగా సరికాదంటోంది. పిల్లల ముందే అనేసరికి ఇబ్బందిగా ఉంది. – ఒక ఉపాధ్యాయుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: పిల్లల ముందు అనకపోతే బాగుండేది, కానీ మాట ఆవిడదే నిజం. మీరు చెప్పేదాంట్లోనూ సగం నిజం ఉంది కాబట్టి మరీ బాధపడకండి.

కంట్లో వెలుగు కాసేపు నిలుస్తుందన్నది నిజమే. దీపావళికి కాకరపువ్వొత్తి తిప్పి గాలిలో పేరు రాసిన ప్రతి పిల్లాడికీ ఇది తెలుసు. 1765లో ఫ్రాన్స్‌లో పాత్రిస్ దార్సీ అనే ఆయన నిప్పుకణికను గుండ్రంగా తిప్పి దీన్ని కొలిచాడు. వలయం ఎక్కడా తెగకుండా కనిపించాలంటే కణిక ఎంత వేగంగా తిరగాలో చూశాడు. ఆయనకి వచ్చింది 0.13 సెకను. వెలుతురుని బట్టి, చుట్టూ ఉన్న చీకటిని బట్టి ఇది మారుతుంది. అందుకని పదహారోవంతు అనే అంకెను పిల్లల చేత బట్టీ పట్టించకండి.

చిలకా పంజరం కలవడానికి ఈ నిలకడ చాలు. అయితే ఆ బొమ్మలో చిలక కదులుతోందా? లేదు. ఉన్నచోటే కూర్చుంది. సినిమాలో హీరో పరిగెత్తే ఫొటోలన్నీ కంట్లో ఒకదాని మీద ఒకటి నిలిచిపోతే మనకి కనిపించేది పరుగు కాదు, పది కాళ్ళున్న మనిషి. కాబట్టి కలవడం వేరు, కదలడం వేరు. కదలికని తయారుచేసేది మెదడు. 1912లో జర్మనీలో మాక్స్ వెర్తైమర్ దీన్ని చక్కగా విడదీసి చూపించాడు. రెండు గీతలను ఒకదాని తర్వాత ఒకటి చూపించేవాడు. మధ్య విరామం సెకనులో ఐదోవంతు ఉంటే, చూసేవాళ్ళు ముందొకటి, తర్వాత ఒకటి కనిపించాయనేవారు. అది 0.03 సెకనుకి తగ్గితే రెండూ ఒకేసారి కనిపించాయనేవారు. ఈ రెంటికీ మధ్యలో, 0.06 సెకను దగ్గర, ఉన్నది ఒకటే గీత, అది ఇటు నుంచి అటు జరిగింది అనేవారు. అక్కడ జరిగిందేమీ లేదు.

పాత రీలు సినిమాకి సెకనుకి 24 ఫొటోలు. ప్రొజెక్టరులోని రెక్క ఒక్కో ఫొటోను రెండుసార్లో మూడుసార్లో మూసి తెరిచి, తెర మీద 48 లేదా 72 మెరుపులు పడేలా చేస్తుంది. మిణుకు తెలియకుండా ఉండడానికి ఆ 48, కదలిక కోసం ఆ 24. మీరు చెప్పే సంగతి మొదటి అంకెకి పనికొస్తుంది, ఆవిడ చెప్పేది రెండో అంకెకి. ఇద్దరూ కలిసి ఒక పీరియడ్ చెప్పండి.

ప్రశ్న: మా మనవడు బొమ్మ కలిస్తే చాలదు, కదలాలి అంటున్నాడు. ఎనిమిదో తరగతి. కాగితాల బొత్తి మీద గీసి ఫరఫరా తిప్పే బొమ్మ చేసేశాడు. ఇంకేదైనా చెప్పండి. ఇంట్లో ఉన్నవాటితోనే కావాలి. – ఒక తాతగారు, హన్మకొండ

జవాబు: అయ్యా, మీ ఇంట్లో అద్దమున్న బీరువా ఉంటే పని అయిపోయినట్టే.

అన్నం కంచం పెట్టి చార్టు అట్ట మీద గుండ్రం గీయండి, 24–25 సెంటీమీటర్లు ఉండాలి. జామెట్రీ బాక్సులోని కోణమానినితో 30 డిగ్రీలకొకటి చొప్పున 12 గీతలు. ప్రతి గీత దగ్గరా అంచు నుంచి లోపలికి 3 సెంటీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల వెడల్పున చీలిక కోయాలి. ఈ కోత మీరు చెయ్యండి, లేదా దగ్గర కూర్చోండి. చీలిక వెడల్పయితే బొమ్మ అలుక్కుపోతుంది, మరీ సన్ననైతే చీకటి. చీలికల మధ్య ఉన్న 12 గళ్ళలో 12 బొమ్మలు: ఎగిరే బంతి, గంతేసే కప్ప, రెక్కలాడించే కాకి. చివరి బొమ్మ తర్వాత మళ్ళీ మొదటిది వస్తుందని మర్చిపోకూడదు. మన పిల్లలు తరచుగా చేసే తప్పు అదే, పన్నెండో బొమ్మ దగ్గర బంతి ఆకాశంలో ఉండిపోతుంది.

వెనకవైపు నల్ల కాగితం అంటించి, మధ్యలో గుండుసూది గుచ్చి, పెన్సిలు వెనకున్న రబ్బరులోకి దింపండి. బొమ్మలు అద్దం వైపు, కళ్ళు వెనకవైపు. అట్టను తిప్పుతూ చీలికల్లోంచి అద్దంలోకి చూడాలి. నేరుగా అట్టను చూస్తే అంతా అలికినట్టుంటుంది. చీలిక దాటిన ప్రతిసారీ కంటికి ఒక్క క్షణం పాటు ఒక్కో బొమ్మ దొరుకుతుంది, మధ్యలో నల్లదనం. సినిమా ప్రొజెక్టరులో రెక్క చేసే పనే చీలిక చేస్తోంది.

మనవడు ఇక్కడితో ఆగకపోతే 12 చీలికలకు 11 బొమ్మలు గీసి చూడమనండి. బొమ్మలు తమ పని తాము చేసుకుంటూనే, అట్ట తిరిగే దిక్కుకి ఎదురుగా మెల్లగా వెనక్కి జరిగిపోతాయి. 13 గీస్తే ముందుకి. ఎందుకో లెక్క కట్టమనండి. పన్నెండోవంతు, పదకొండోవంతు మధ్య తేడా తీయగలిగితే చాలు.

దీన్ని 1832 చివర్లో బెల్జియంలో జోసెఫ్ ప్లాటో, వియన్నాలో సైమన్ స్టాంఫర్ ఒకరికొకరు తెలియకుండానే చేశారు. ప్లాటోకి తర్వాత పూర్తిగా చూపు పోయింది. ప్రయోగం కోసం సూర్యుణ్ణి చూడడం వల్ల పోయిందని చాలాకాలం రాశారు, కంటి జబ్బు వల్ల అయ్యుంటుందని తర్వాతివాళ్ళు అన్నారు. ఏదైనా, మనవణ్ణి సూర్యుడి జోలికి పోనివ్వకండి.

ప్రశ్న: ఇలా మిణుకుమిణుకుమనే బొమ్మలు కళ్ళకి మంచివేనా? మా బాబుకి ఒకసారి ఫిట్స్ వచ్చింది. టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, భీమవరం

జవాబు: మామూలు పిల్లల కళ్ళకి ఏమీ కాదమ్మా. ఫిట్స్ వచ్చిన పిల్లల్లో కొద్దిమందికి మాత్రం మిణుకే ఫిట్స్‌ని తెస్తుంది. సెకనుకి 3 నుంచి 30 దాకా ఉండే మిణుకులు వాళ్ళకి పడవు, మన బొమ్మల వేగం సరిగ్గా ఆ మధ్యలోదే. మీ డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టండి. ఈలోగా కాగితాలు మడిచి పడవలు చేయించండి.

ప్రశ్న: సార్, నేను ఏడో తరగతి. నలుపు తెలుపు చక్రం బొంగరం మీద పెట్టి తిప్పాను. రంగులు కనిపించాయి! మా అన్నయ్య నాకు పిచ్చి అంటున్నాడు. వాడికి తక్కువగా కనిపించాయట. – ఒక విద్యార్థిని, నర్సీపట్నం

జవాబు: నీకు పిచ్చేం లేదమ్మా. ఆ రంగులు కాగితం మీద లేవు, అయినా నువ్వు చూశావు. మనుషులందరికీ అవి ఒకేలా కనిపించవు కాబట్టి మీ అన్నయ్యా అబద్ధం చెప్పలేదు.

ఇంగ్లండ్‌లో చార్లెస్ బెన్‌హామ్ 1894లో ఇలాంటి బొంగరాన్నే అమ్మకానికి పెట్టాడు. మిగతావాళ్ళూ చేసుకునేలా చెబుతాను. చక్రంలో సగం పూర్తిగా నలుపు. మిగతా సగాన్ని నాలుగు సమాన ముక్కలు చెయ్యాలి. మొదటి ముక్కలో అంచు దగ్గర మూడు నల్లటి వంపు గీతలు, రెండో ముక్కలో కాస్త లోపలికి మూడు, మూడో ముక్కలో ఇంకా లోపలికి మూడు, నాలుగో ముక్కలో మధ్యకి దగ్గరగా మూడు. అంతే. ఇంకు నల్లగా ఉండాలి, వెలుతురు బాగుండాలి. చిలక బొమ్మకి చెప్పినదానికి ఇది వ్యతిరేకం. మరీ వేగంగా తిప్పితే రంగులు పోతాయి. బొంగరం నెమ్మదిస్తూ, పడిపోవడానికి కాస్త ముందు, సెకనుకి అయిదు నుంచి పది చుట్ల మధ్య ఉన్నప్పుడు ఎర్రటి, నీలపు, ఆకుపచ్చని ఛాయలు లేతగా తేలతాయి. ఎడమకి తిప్పినప్పుడు ఏ వలయం ఏ రంగులో ఉందో రాసుకుని, కుడికి తిప్పి చూడు. వరస తిరగబడుతుంది. మీ అన్నయ్య చేతికి కాగితం ఇచ్చి వాణ్ణి విడిగా రాయమను. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెడితే, ఎవరికి పిచ్చో తేల్చుకోవచ్చు. కంటిలో రంగుని పట్టే కణాలు, వాటి వెనకున్న నరాలు నలుపు తెలుపుల మార్పుకి అన్నీ ఒకే వేగంతో స్పందించవు. ఆ తేడాయే మనకి రంగుగా తెలుస్తుందని శాస్త్రవేత్తలు చెబుతారు. పూర్తి వివరణ మీద ఇంకా వాదన ఉంది.

మీకు ఏటికొప్పాక దగ్గరే కదా. అక్కడి లక్క బొంగరం ఒకటి తెచ్చుకో. దాని తల మీద ఈ చక్రాన్ని కాస్త అన్నం మెతుకుతో అంటిస్తే ఎండాక లక్కకి మచ్చ పడకుండా ఊడొస్తుంది. ఆ బొంగరం నిలకడగా చాలాసేపు తిరుగుతుంది. అట్టకి అగ్గిపుల్ల గుచ్చి చేసుకున్న బొంగరంతో అది రాదు.

ప్రశ్న: ఫోన్‌లో వీడియో తీస్తే మా ఇంట్లో ఫ్యాను వెనక్కి తిరుగుతోంది. కంటికేమో ముందుకే. ఫోన్ పాడైందా? – ఒక బాబు, ఆరో తరగతి, మదనపల్లె

జవాబు: ఫోన్ బాగానే ఉంది బాబూ. మీ ఫ్యాను ఫుల్ స్పీడులో నిమిషానికి 350 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఫోన్ సెకనుకి 30 ఫొటోలు తీస్తుంది. లెక్క వేస్తే ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య రెక్క 70 డిగ్రీలు ముందుకి వెళ్తుంది. మూడు రెక్కల ఫ్యానులో రెక్కకీ రెక్కకీ మధ్య 120 డిగ్రీలు. అంటే మొదటి రెక్క ఉన్న చోటుకి, వెనక రెక్క ఇంకో 50 డిగ్రీల దూరంలోకి వచ్చి ఆగింది. రెక్కలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది ఏదో నీకు తెలియదు. 70 ముందుకి వెళ్ళిందా, 50 వెనక్కి వచ్చిందా? మెదడు దగ్గరి దారే ఎంచుకుంటుంది.

అమ్మనో నాన్ననో ఫ్యాను ఆపమని, ఒక రెక్క కింద చిన్న ఎర్ర స్టిక్కరు అంటించమను. అప్పుడు వీడియో తీసి, రెక్కల్ని కాక స్టిక్కరుని చూడు. తర్వాత రెగ్యులేటరు ఒక్కో అంకె తగ్గిస్తూ మళ్ళీ తియ్యి. నిమిషానికి 300 చుట్ల కన్నా తగ్గగానే ఏమవుతుందో ముందే లెక్క వేసి, కాగితం మీద రాసి పెట్టుకుని, ఆ తర్వాతే వీడియో చూడు.